టప్పెటగుళ్ల మీద విచారణ

ముప్పయ్యవ దశకం మొదట్లో, రబ్బరు ధర పడిపోయి తోటల్లో కూలీలను తగ్గిస్తున్న రోజుల్లో, మలయ్ దేశంలోని క్లాంగ్ పోలీసు కార్యాలయం నుంచి నన్ను బంటింగ్ దగ్గరి ఒక రబ్బరు తోటకు విచారణ నిమిత్తం పంపారు. నా హోదా రెండో తరగతి దుబాసీ. నేను ఆ దేశంలోనే, జార్జ్ టౌన్‌లో పుట్టినవాణ్ణి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, మలయ్, బడిలో ఇంగ్లీషు వంటబట్టాయి. ఆ నాలుగు భాషలే నాకు అన్నం పెట్టాయి.

దుబాసీ పని చూసేవాళ్లకు తేలికగా కనిపిస్తుంది. ముందుగా, అడిగినదానికే జవాబు చెప్పాలన్న నియమాన్ని సాక్షికి చదివి వినిపించాలి. ఆ తరువాత సాక్షి ఏమంటే అదే, హెచ్చుతగ్గులు లేకుండా, అధికారి భాషలో చెప్పాలి. సాక్షిని హెచ్చరించకూడదు, సలహా ఇవ్వకూడదు. చివర వాంగ్మూలం అతని భాషలో చదివి వేలిముద్ర వేయించాలి. తెలుగువాళ్ల కేసు వస్తే చాలు, నేనూ తెలుగువాణ్ణని పై అధికారులు నన్ను ఓ కంట కనిపెట్టేవారు. తెలుగువాళ్లేమో పోలీసు మనిషినని నా ఎదుట నోరు విప్పేవారు కాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ తోటలోని మనవాళ్లు ఒక సంఘం పెట్టుకుని అనుమతి కోసం ప్రభుత్వానికి అర్జీ పంపుకున్నారు. ఆ రోజుల్లో అనుమతి లేని సంఘం చట్టవిరుద్ధం. అర్జీ రాగానే పోలీసులు ఆరా తీయడం మామూలే. అయితే ఈ అర్జీ వెనకాలే తోట మేనేజరు ఫిర్యాదు కూడా వచ్చింది. ఆదివారాలు మగవాళ్లు చెట్ల మధ్య వరసలు కట్టి, గుండెల మీద చరుచుకుంటూ, ఒకే అడుగు వేస్తూ కవాతు చేస్తున్నారనీ, సమ్మెకు తయారవుతున్నారనీ అందులో ఉంది. సంఘం పెద్ద అప్పలనాయుడు అనే రబ్బరు చెట్ల పాలు గీసే కూలీ. ఆ ఆరోపణ నిలబడితే అతన్ని ఓడెక్కించి విశాఖపట్నం పంపేస్తారు. అక్కడ అతనికి సెంటు నేల లేదు. భార్య పైడమ్మా పిల్లలూ ఇక్కడి కూలీల ఇళ్ల లైన్లలోనే పుట్టి పెరిగినవాళ్లు.

తోట కచేరీ వరండాలో విచారణ జరిగింది. ఇన్‌స్పెక్టరు దొర బల్ల దగ్గర కూర్చున్నాడు. ఫిర్యాదు చేసిన మేనేజరు ఆయన పక్కనే కుర్చీ వేసుకున్నాడు. అది నాకు మొదటినుంచీ నచ్చలేదు. నేను అలవాటు ప్రకారం నియమం గడగడా చదివేశాను. సంఘం వాళ్లు ఇల్లిల్లూ తిరిగి పేర్లూ ఊళ్లూ ఎందుకు అడుగుతున్నారని దొర మొదటి ప్రశ్న వేశాడు.

"ఓడ దిగినోళ్లం బాబూ, ఎవులికి ఎవులం? మనిషి పోతే మొయ్యడానికి నలుగురు కావాల గదా. పిల్లకి పెళ్లి సేయాలంటే ఇంటిపేరు అడగాల. ఒకే ఇంటిపేరోళ్లు అన్నాసెల్లెళ్లయిపోతారు. అయ్యన్నీ సంగం సూత్తాది" అన్నాడు అప్పలనాయుడు. దొరకు అది అల్లిన కథలాగే తోచింది. ఆయన నా ముఖం వంక చూశాడు, నేనేమైనా కలిపానేమోనని.

కవాతు సంగతి వచ్చింది. అది కవాతు కాదనీ, గంగమ్మ పండక్కి ఆడే టప్పెటగుళ్లనీ అప్పలనాయుడు చెప్పాడు. గుండెకు డప్పు కట్టుకుని ఆడే ఆట అని నేను ఇంగ్లీషులో చెప్పాను. మరి డప్పులేవని దొర అడిగాడు.

"మేనేజరు దొర పట్టుకుపోనాడు బాబూ. సేతులు మర్సిపోతాయని ఉత్త గుండెల మీదే కొట్టుకుంతన్నాం."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకముందే మేనేజరు అందుకున్నాడు. గోల భరించలేక, తోట శాంతి కోసమే వాటిని గోదాములో పెట్టి తాళం వేశానన్నాడు. ఫిర్యాదులో ఆ ముక్క లేదు. దొర కూడా అది గమనించాడు. కేసు అక్కడితో తెగిపోయిందనుకుని నేను ఊపిరి పీల్చుకున్నాను.

కానీ అప్పలనాయుడికి హుషారు పుట్టింది. "డప్పులిప్పించండి తువాన్. ఆడి సూపిత్తాం!" అన్నాడు, దొరను మలయ్‌లో అయ్యా అని పిలుస్తూ.

ఒద్దురా నాయనా అని నోటిదాకా వచ్చింది. దుబాసీకి అలాంటి మాట ఉండదు. అతనన్నది అన్నట్టే దొరకు చెప్పాను.

గోదాము తెరిచారు. మగవాళ్లు గుండెలకు డప్పులూ కాళ్లకు గజ్జెలూ కట్టుకున్నారు. అప్పలనాయుడు ముందు నిలబడి ఒక్క కేక వేశాడు. అందరూ ఒక్కసారి ఎగిరారు, ఒక్కసారి తిరిగారు. వరండా చెక్కలు అదిరాయి. లైన్లలోంచి ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. మా నాన్న చెప్పగా విన్నదే తప్ప నేనా ఆట చూసి ఎరుగను. నిజం చెప్పాలంటే, పోలీసు మనిషిననే సంగతి కాసేపు మరిచిపోయి పొంగిపోయాను.

తరువాత దొర వైపు చూశాను. ఆయన డప్పులను చూడడం లేదు. అప్పలనాయుడి చేతిని చూస్తున్నాడు. ఆ చెయ్యి లేస్తే వరసలు లేచాయి, దిగితే దిగాయి. ఆట ఆగాక ఆయన ఒకే ప్రశ్న వేశాడు: వీళ్లకు ఇంతటి క్రమశిక్షణ నేర్పింది ఎవరు?

అప్పలనాయుడు దాన్ని మెప్పు అనుకున్నాడు. చెమట తుడుచుకుంటూ, "నానే తువాన్. నా సెయ్యి లేత్తే సాలు, ఆళ్లందరూ లేత్తారు" అన్నాడు.

అది కూడా ఉన్నదున్నట్టే చెప్పాను. వాంగ్మూలం చదివి వినిపిస్తే తృప్తిగా విని వేలిముద్ర వేశాడు.

కొన్నాళ్లకు ఉత్తర్వు వచ్చింది. సంఘానికి అనుమతి దొరికింది, డప్పులు వెనక్కి ఇవ్వమన్నారు. అప్పలనాయుణ్ణి మాత్రం దేశం నుంచి పంపెయ్యమన్నారు. ఆ కాగితం చదివి వినిపించే పని నాకే పడింది. పైడమ్మ నన్ను నిలదీసింది.

"ఆయన సెప్పినాడా బాబూ, నువ్వు సెప్పినావా?"

ఆయన చెప్పిందే నేను చెప్పానన్నాను.

"అయితే ఇద్దరూ కలిసే ఓడెక్కించినారు" అని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

ఆ ఏడు గంగమ్మ పండక్కి దొర నన్ను మళ్లీ వెంటబెట్టుకుని వెళ్లాడు. మగవాళ్లు వరసలు కట్టారు. ముందు అప్పలనాయుడు నిలబడిన చోటు ఖాళీగా వదిలేశారు. చెయ్యి ఎత్తేవాళ్లు లేరు, కేక వేసేవాళ్లు లేరు. అయినా అడుగులన్నీ మునుపటిలాగే ఒక్కసారి లేచాయి. ఇప్పుడు నడిపిస్తున్నదెవరో కనుక్కోమన్నాడు దొర. అక్కడున్న ఒక ముసలాయన్ని అడిగాను.

"ఎవులూ నేరు బాబూ. కాళ్లకి తెలుసు" అన్నాడు.

ఆ మాట చెప్పి, కనీసం ఇప్పుడైనా దొరకు అర్థమవుతుందని ఆశపడ్డాను. నాయకుడు కనబడకుండా దాక్కుని నడిపిస్తున్నాడనీ, నిఘా కొనసాగించాలనీ ఆయన నివేదికలో రాశాడు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చనే కదా. నాకు ఒళ్లు మండిపోయింది. మండి చేసేదేముంది, ఆ నివేదికకు శుద్ధప్రతి రాసిందీ నేనే.

ఒక భాషలోని మాటను ఇంకో భాషలోకి మార్చవచ్చు. ముందే నిశ్చయించుకున్న మనసులోకి మార్చడం ఏ దుబాసీ వల్లా కాదు. పదవీ విరమణ చేసేదాకా, సాక్షి తెలుగువాడైనప్పుడల్లా, అడిగినదానికే జవాబు చెప్పాలన్న ఆ నియమాన్ని నెమ్మదిగా, అతని కళ్లలోకి చూస్తూ, రెండుసార్లు చదివేవాణ్ణి.