మేక కొరికిన వీపు బొంత

రండి, ఇంకొంచెం దగ్గరికి జరగండి. చాప మీద చోటు చాలా ఉంది, కాళ్లు చాపుకున్నా పరవాలేదు. పిల్లలను ముందు కూర్చోబెట్టండి, వాళ్లు నవ్వితేనే నాకు చెప్పడానికి ఊపు వస్తుంది. నిడుగల్లు కొండ కింద ఉండే మా ఊరి నుంచి పావగడకు, పావగడ నుంచి సోలార్ పార్కు దాకా ఒక్క రోజులో పోయి వచ్చిన సంగతి ఇది. చదువు పెద్దగా లేనిదాన్ని, నాకు గుర్తున్నది గుర్తున్నట్టే చెబుతాను. మీరూ ఒకసారి పోవాలనుకుంటే పనికొస్తుంది.

మా కూతురి కూతురు పల్లవి సోలార్ పార్కులో పలకల మీది దుమ్ము కడిగే పని చేస్తుంది. రోజంతా పలకలు తుడిచి, సాయంత్రం బస్సులో కూర్చుని ఫోను మీద వేలితో బొమ్మలు గీస్తుంది. ఆ బొమ్మల్లో ఒక కథ నడుస్తుంటుంది. కథలో ఉండే ఆడమనిషి పేరు ఎండరాణి. పొద్దున ఎండను చీర మడిచినట్టు మడిచి, వీపున వేసుకుని, దీపం లేని ఊళ్లకు మోసుకుపోతుంది. పావగడలో ఇలాంటి పిచ్చి ఉన్న పిల్లలు ఒక గుంపు ఉన్నారు. కొందరు కథలు గీస్తారు, కొందరు అట్టపెట్టెలతో రోబోలు చేస్తారు, కొందరు జపాను బొమ్మల వేషాలు వేస్తారు. శెనక్కాయలు పీకడం అయిపోయి, పనులు తగ్గిన తర్వాత వాళ్లంతా కలిసి ఒక కల్యాణ మంటపంలో వేషాల మేళా పెట్టారు.

దాన్ని చూడడానికి బెంగుళూరు నుంచి ఒక మేడం వస్తుందన్నారు. నాటకాలకు, షూటింగులకు దుస్తులు తయారుచేయించే ఆమె. తన దగ్గర పనికి ఒక్కరిని తీసుకుంటుందట. ఆ ఒక్క చోటు కోసం పల్లవి నెల రోజులుగా సరిగ్గా అన్నం తినలేదు. ఎండరాణి వీపున వేసుకునేదాన్ని తను గీసింది, నేను కుట్టాను. ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి నీలం రంగు పాత చీరలు, చొక్కాలు అడిగి తెచ్చి, పలకల లాగా ముక్కలు చేసి, మధ్యలో తెల్ల పంచె గీతలు పెట్టి కుట్టాను. పల్లవి దాన్ని కేపు అంటుంది. నాకు నోరు తిరగక వీపు బొంత అనేదాన్ని.

శనివారం పొద్దున ఏడు కాకముందే రోడ్డు మీదికి వచ్చి బస్సు కోసం నిలబడ్డాం. బొంత ఉన్న సంచిని రాతి అరుగు మీద పెట్టి, నేను వక్కాకు తీసుకుంటున్నాను. పల్లవి ఫోను చూసుకుంటోంది. ఇంతలో పక్కన మేస్తున్న మందలోంచి ఒక మేక వచ్చి సంచిలో మూతి పెట్టింది. మేం "హే హే" అని లేచేసరికి బొంత ఒక మూల బయటికి లాగి నమిలేస్తోంది. లాక్కునేటప్పటికి అరచేయంత మేర పోయింది. చిరిగిన చోటు నుంచి రొట్టె పొడి, నాలుగు శెనగ్గింజలు రాలాయి.

పల్లవి రాలిన గింజలను చూసి, నన్ను చూసింది.

"అవ్వా, ఏంది ఇది? రొట్టెనా?"

"కడుపు నింపకుండా బొంత మూస్తారా పాపా?"

మా వైపు పద్ధతి అది. బొంత చివరి మూల మూసేముందు దాని ఒడిలో రొట్టె ముక్క, నాలుగు గింజలు పెట్టి కుడతాం. ఆకలితో ఉన్న బొంత కప్పుకుంటే మనిషికి ఆకలి నిద్రే పడుతుందంటారు. మా అమ్మ పెట్టింది, నేనూ పెట్టాను. ఊళ్లో బొంతలను పెట్టెలో పెడతాం, వాటి దగ్గరికి మేక రాదు. ఇది మేకల మధ్య ప్రయాణం చేసే బొంత అని నాకు తట్టలేదు.

"ఇది బొంత కాదవ్వా, కేపు! ఈరోజు ఆ మేడం ముందర ఏసుకోవాల్సింది!" అని పల్లవి కళ్లనీళ్లు పెట్టుకుంది.

మేకల ఆయన కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "నా మేకకు చదువు లేదమ్మణ్ణి, కేపో బొంతో దానికేం తెలుస్తాది?" అన్నాడు. అని ఊరుకోలేదు. తలకు చుట్టుకున్న గళ్ల తువ్వాలు విప్పి, ఒక కొస చింపి ఇచ్చాడు. "అది తిన్నిందానికి నేనిచ్చేది ఇదే. మాసిండాది గానీ గట్టి గుడ్డ."

బస్సు వచ్చింది. మాది కర్ణాటక కదా, గవర్నమెంటు బస్సులో ఆడవాళ్లకు డబ్బులు అక్కర్లేదు. ఆధార్ కార్డు చూపిస్తే సున్నా రూపాయల టికెట్టు ఇస్తారు. కార్డు మాత్రం మరవకండి. ఆ రోజు శనివారం కాబట్టి పావగడలోని శనిదేవుడి గుడికి పోయేవాళ్లతో బస్సు నిండిపోయింది. ఎట్లాగో మాకు ఒక సీటు దొరికింది. సూదీ దారం నా సంచిలో ఎప్పుడూ ఉంటాయి. కానీ కదిలే బస్సులో నాకు సూది బెజ్జం కనబడదు, చేయి నిలవదు. సూది పల్లవి చేతిలో పెట్టాను.

"నాకు కుట్టేది రాదు కదవ్వా!"

"రాకుంటే మేక కొరికిందే చూపించు పో."

పల్లవి సూది పట్టుకుంది. తువ్వాలు ముక్క ఒక్కటే చాలలేదు. మా ముందు సీటులో గుడికి పోయే ఒకామె వెనక్కి తిరిగి చూస్తోంది. సంగతి విని, తన సంచిలోంచి పచ్చ రవిక గుడ్డ తీసి, "దేవునికిచ్చేది నల్లగుడ్డ, ఇది నాదే. అంచు చింపుకోండి," అంది. నిలబడ్డ ఒక కాలేజీ పిల్లవాడు ఎర్ర చేతిగుడ్డ ఇచ్చాడు. కండక్టరు మా దగ్గర ఆగి, "ఏందమ్మా, ఇది బస్సా, టైలరు షాపా?" అన్నాడు.

"నీ చొక్కా కూడా ఇయ్యప్పా, నీలమే కదా కావాల్సింది," అని ముందు సీటామె అనేసరికి బస్సంతా గొల్లుమంది.

పల్లవి మాత్రం నవ్వలేదు. నీలం బొంతకు మూలన పచ్చ, ఎరుపు, గళ్లు. గీసిన బొమ్మ పాడైపోయిందని పెదవి కొరుక్కుంటూ కుడుతోంది. గుంత వచ్చినప్పుడల్లా సూది ఒక పక్కకు పోతోంది. కుట్లు చూస్తే కోడి నడిచినట్టున్నాయి. చివరికి మూల మూసే చోటికి వచ్చింది. ముందు సీటామె ఆపింది.

"ఖాళీగా మూయొద్దు తల్లీ. గింజలుండాయి నా దగ్గర, నాలుగు పెట్టు."

"తినేదేదీ ఇంక పెట్టను అక్కా! ఇంకో మేక వస్తాది."

"తినందన్నా పెట్టు. ఉత్త కడుపుతో మూయరాదు," అన్నాను నేను.

పల్లవికి విసుగొచ్చింది. చేతిలో ఉన్న తన టికెట్టు మడిచి అందులో తోసింది. "ఇదో, దీని కడుపు నిండె. మేక తిన్నా నష్టం లే, సున్నా రూపాయలే!" అని నాలుగు కుట్లు వేసి మూసేసింది.

పావగడ ఇంకో రెండు స్టాపుల దూరంలో ఉందనగా బస్సు ఆగింది. ఖాకీ ప్యాంటు వేసుకున్న చెకింగ్ సారు ఎక్కాడు.

నా టికెట్టు చూపించాను. పల్లవిని అడిగాడు. ఆమె బొంత వైపు చూసింది.

"కుట్టేసినా సార్."

"ఏంది కుట్టేసినావు?"

"టికెట్టు సార్. బొంత కడుపులో ఉండాది."

సారు కండక్టరు వైపు తిరిగాడు. "నేనిచ్చినా సార్, నా కళ్ల ముందరే కుట్టింది," అన్నాడు కండక్టరు. ముందు సీటామె, కాలేజీ పిల్లవాడు అందరూ సాక్ష్యం చెప్పారు. సారు ఆ మూలను రెండు వేళ్లతో నొక్కి చూశాడు. లోపల కాగితం కరకరలాడింది. అయినా, "చూడకుండా నేను సంతకం చేయలేను. ఇప్పు," అన్నాడు.

పల్లవి పళ్లతో దారం తెంపింది. సారు టికెట్టు తీసి, చూసి, మళ్లీ అదే మడతలో మడిచి, తన చేత్తోనే లోపల పెట్టాడు. "మా అమ్మ జొన్న రొట్టె పెట్టేది," అన్నాడు మెల్లగా. వెంటనే గొంతు పెంచి, "ఇంకెప్పుడూ టికెట్టు కుట్టొద్దు!" అని దిగిపోయాడు. మీకూ అదే చెబుతున్నాను, కుట్టొద్దు. రెండోసారి పల్లవి హడావిడిగా మూసేసరికి, ఆ కుట్లు మొదటివాటికంటే ఘోరంగా వచ్చాయి.

పావగడలో దిగి, బస్టాండు ఎదుటి హోటల్లో తట్ట ఇడ్లీ తిన్నాం. పళ్లెమంత ఇడ్లీ, పైన వెన్న. పల్లవి సగం వదిలేస్తే అది కూడా నేనే తిన్నాను, పారేయలేను కదా. పదిన్నరకు మంటపం చేరాం.

అబ్బో, అక్కడి సంబరం చూడాలి! ఒక బల్ల మీద సొంతంగా గీసి అచ్చేసుకున్న బొమ్మల పుస్తకాలు, ఇంకో బల్ల మీద బంకమట్టితో చేసిన రాక్షసులు, పావగడ కొండ ఆకారంలో తాళాల గొలుసులు. తోలుబొమ్మలు ఆడించే ఇంటి పిల్లవాడొకడు తోలుబొమ్మకు అంతరిక్షంలో పోయేవాళ్ల టోపీ పెట్టాడు. వెనక దీపం పెడితే దాని లోపల మొహం నవ్వుతుంది. నీలం జుట్టు, పెద్ద కత్తి ఉన్న అమ్మాయి నా పక్కన వచ్చి కూర్చుని, "అవ్వా, వక్కాకు ఉండాదా?" అని అడిగింది. ఇచ్చాను. కత్తి నా ఒడిలో పెట్టి నమిలింది. చూస్తే అది వట్టి థర్మాకోలు.

వేషాలు ఒక్కొక్కటీ స్టేజీ మీదికి పోయాయి. ఎండరాణి నడిచినప్పుడు చప్పట్లు బాగానే పడ్డాయి. పల్లవి ఆ మూలను చేత్తో పట్టుకుని దాచుకునే నడిచింది. బహుమతి మాత్రం అట్టపెట్టెల రోబోకు పోయింది. దాని కళ్లు వెలుగుతాయి, పాట కూడా పాడుతుంది, మరి పోదా? బెంగుళూరు మేడం లేచి, "అందరూ సోలార్ పార్కు దగ్గర ఫొటోలకు పోతున్నారట కదా, నేనూ వస్తాను. ఎండలో గుడ్డ చూస్తాను," అంది అంతే.

మంటపంలో పెట్టిన రాగిముద్ద, పప్పు తిని, రెండు లగేజీ ఆటోల్లో సోలార్ పార్కు ఉన్న తిరుమణి వైపు బయలుదేరాం. రోబోను నిలబెట్టి తాళ్లతో కట్టారు. దారిలో పొలం పనివాళ్లు లేచి నిలబడి చూశారు. ఒకాయన రోబోకు దండం పెట్టాడు.

సోలార్ పార్కు లోపలికి పోనివ్వరు, రోడ్డు మీదే ఆగాలి. పల్లవి రోజూ పోయే చోటే అయినా నేను చూడడం అదే మొదలు. కంచెకు అవతల చూపు ఆనేంత దూరం నీలం పలకలు. ఎవరో పెద్దింటివాళ్లు చీరలన్నీ ఉతికి ఒకేసారి ఆరేసినట్టు అనిపించింది. ఒకప్పుడు అక్కడ శెనక్కాయ వేసిన రైతు ఒకాయన గొర్రెలు తోలుకుంటూ వచ్చాడు. "వాన రాకున్నా ఇప్పుడు కౌలు వస్తాదమ్మా. ఎండనే అమ్ముకుంటా ఉండాం," అని నవ్వాడు. గొర్రెలను చూడగానే పల్లవి బొంతను గుండెకు హత్తుకుంది.

మేడం దాన్ని అడిగి తీసుకుని ఎండకు పట్టి చూసింది. ఆమె మాట్లాడింది కన్నడంలో, మీకోసం మన మాటల్లో చెబుతున్నాను.

"ఎంత సన్న కుట్టు! ఇది నీదేనా?"

అవునంటే చాలు, చోటు దొరుకుతుంది. నేనైతే నోరు విప్పను. పల్లవి నన్ను చూసి, కంచె వైపు చూసింది.

"కాదు మేడం. మా అవ్వది."

"మరి ఈ మూల ఎవరు చెడగొట్టారు?"

"నేనే. పొద్దున మేక కొరికింది, బస్సులో కుట్టినా."

మేడం కళ్లజోడు పైకి నెట్టింది. "అయితే ఇందులో నీదేముంది?"

"బొమ్మ నాది," అంది పల్లవి. "ఏ ముక్క పక్కన ఏ ముక్క రావాలనేది నాది. పొద్దుటి పక్కకు లేత నీలం, మాపటి పక్కకు ముదురు. రోజూ కడుగుతా కడుగుతా చూసి గీసినా. మా అవ్వ ఆ గీత దాటలేదు."

మేడం బొంతను కంచె మీద పరిచి, ఒకసారి పలకలను, ఒకసారి బొంతను చూసింది. నేను శనిదేవుడికి నువ్వుల నూనె మొక్కుకున్నాను.

"ముక్కలు ఇట్లా పేర్చేవాళ్లు నాకు దొరకరు," అంది చివరికి. "కానీ సూది పట్టడం రానివాళ్ల మాట మా టైలర్లు వినరు. ఉగాది తర్వాత రా. అప్పటికి అవ్వ కుట్టులో సగమన్నా సన్నంగా కుట్టి చూపించు. నీ చోటు నీకే పెట్టి ఉంచుతాను."

నీలం జుట్టు అమ్మాయి ఎగిరి పల్లవిని వాటేసుకుంది. రోబో పాట పాడింది.

సాయంత్రం ఐదు దాటాక ఒక ప్రైవేటు బస్సులో పావగడకు, అక్కడి నుంచి మా వైపు ఎర్ర బస్సులో ఇంటికి బయలుదేరాం. పావగడ దాటగానే పల్లవి నా చేతిగుడ్డ, సూది తీసుకుని, "చూపించవ్వా," అంది. చూపించాను. పది కుట్లు వేసింది. నేను ఇప్పేశాను. మళ్లీ వేసింది, మళ్లీ ఇప్పేశాను.

"పొద్దునేమో మేక, ఇప్పుడు నువ్వు!" అంది.

"మేక కంటే నేను మేలే. దారం మిగిలిస్తా ఉండాను కదా."

బస్సు లోపల లైట్లు వేశారు. నిడుగల్లు కొండ నల్లగా కనబడే వేళకు ఒక వరస నిలిచింది. వేలెడంత పొడుగు, కొంచెం వంకర. దాన్ని నా కళ్ల దగ్గర పెట్టి ఊపిరి బిగబట్టింది. నేను ఇప్పలేదు.

ఇదమ్మా మా ప్రయాణం. దుమ్ము, ఎండ, గుంతల రోడ్డు తప్ప మా సీమలో చూసేదేముందని అనేవాళ్లున్నారు. ఆ ఎండతోనే కథలు గీసి, అట్టపెట్టెలకు ప్రాణం పోసే పిల్లలు మా పావగడలో ఉన్నారు, పోయి చూడండి. పోయినవాళ్లను వాళ్లు ఊరికే పంపరు, మీ మొహం కూడా బొమ్మ గీసి ఇస్తారు. మీ ఇంట్లో సూది తుప్పు పట్టకుండా ఉండాలి, మీ పిల్లల చేతులకు నచ్చిన పని దొరకాలి, చలి రాత్రి మీ గడప లోపల కప్పుకోవడానికి ఏమీ లేనివాళ్లు ఒక్కరు కూడా ఉండకూడదు. చల్లగా ఉండండి తల్లీ.