వీపు తిరిగిన చోట ఒక మాట

మైకు ముందుకు రాగానే ఎర్సీలియా తొంబారి బూట్లు విప్పేసేది. చెక్క నేల కిర్రుమంటే మాట పాడవుతుందని ఆమె భయం. మేజోళ్ళతో నిలబడి, కళ్ళద్దాలు సర్దుకుని, తెర మీద ఇంగ్లీషు నటి పెదాలు కదలగానే ఇటాలియన్‌లో తన గొంతు అందించేది. రోమ్‌లో ఆ గొంతు తెలియనివాళ్ళు తక్కువ. ముఖం మాత్రం ఎవరికీ తెలియదు. బజారులో వంకాయలు లేతవేనా అని అడిగితే చాలు, కూరగాయలమ్మే మనిషి తలెత్తేవాడు.

"మిస్ పెల్హామ్! ఆయన మళ్ళీ వచ్చాడా?"

"వస్తాడు, వస్తాడు. నువ్వు ముందు తూకం సరిగ్గా వెయ్యి."

ఆయనంటే ఆల్డెన్ అనే గూఢచారి. ఇరవై ఏళ్ళకు పైగా ఒకదాని తరవాత ఒకటి వస్తున్న సినిమాల్లో కథానాయకుడు. ప్రతి సినిమాలోనూ పై అధికారిని కలవడానికి వచ్చి, బయటి గదిలో కార్యదర్శి మిస్ పెల్హామ్ దగ్గర కాసేపు ఆగుతాడు. కోటు కొక్కేనికి తగిలిస్తాడు. ఆమెను నవ్విస్తాడు. వెళ్ళిపోతాడు. వాళ్ళ మధ్య ఏముందో ఏ సినిమా తేల్చలేదు. మా ఇటాలియన్ డబ్బింగులో ఆల్డెన్ గొంతు లాంబెర్తో క్వారాంతాది. పెదాలకూ మాటకూ పొత్తు కుదిరిందో లేదో చూడటం నా పని కనుక, మొదటి సినిమా నుంచీ వాళ్ళిద్దరి వెనకే కూర్చున్నాను.

నిజానికి ఇంగ్లీషులో ఆ ఇద్దరి మధ్యా పెద్దగా ఏమీ లేదు. మొదటి సినిమాలో ఆల్డెన్ మనకు వీపు చూపిస్తూ, మాట్లాడకుండానే కోటు తగిలిస్తాడు. పెదాలు కనబడని చోట మాకు కాస్త స్వేచ్ఛ ఉంటుంది. ఆ రోజు లాంబెర్తో ఎవరూ రాయని మాట ఒకటి ఆ వీపు మీద పెట్టాడు. "కోటు ఇక్కడే ఉండనివ్వండి. మళ్ళీ రావడానికి ఒక సాకు ఉంటుంది."

అదే మైకు ముందు, అతని భుజం పక్కన నిలబడ్డ ఎర్సీలియాకు ఊపిరి ఆగింది. ఆగడం కూడా రికార్డయింది. డబ్బింగు దర్శకుడు కొర్రాదో దాన్ని అలాగే ఉంచేశాడు.

అప్పటినుంచి అదొక ఆచారమైపోయింది. ఏ సినిమాలో ఏ మాట పెడతాడో లాంబెర్తో ముందుగా చెప్పేవాడు కాదు. "నిన్న ఎవరో మీ గురించి అడిగారు. అబద్ధం చెప్పాను." "ఈ ఊళ్ళో వర్షం మీ బల్ల దగ్గర మాత్రమే బాగుంటుంది." జనం ఆ మాటలు కంఠతా పట్టారు. ఆ ఇంగ్లీషు నటి ఎక్కడో పత్రికలో, ఆ రెండు పాత్రల మధ్య స్నేహం తప్ప మరేమీ లేదని చెప్పింది. మా వీధిలో కాఫీ బారు నడిపే నాందో ఆ పత్రిక మడిచి అవతల పడేశాడు.

"ఆవిడకేం తెలుసు, పాపం! మన సినిమా చూసి ఉండదు."

ఒక్కసారే పొరపాటు జరిగింది. ఎర్సీలియా ఆ వారం జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. వీపు తిరిగిన చోట లాంబెర్తో, "పొట్టి జుట్టు మీకు నప్పింది" అన్నాడు.

కొర్రాదో ఆపేశాడు. "ఎవరి జుట్టయ్యా? తెర మీద ఆవిడ జడ నడుం దాకా ఉంది, కనబడటం లేదూ?"

"పొరపాటు" అన్నాడు లాంబెర్తో. చెవులు ఎర్రబడ్డాయి. ఆ మాట తీసేశారు. సినిమాలో లేదు. ఎర్సీలియా మాత్రం ఆ తరవాత జుట్టు పెంచలేదు.

ఆమె ట్రాము డ్రైవరు కూతురు. చిన్నప్పుడే తెర మీది పిల్లలకు గొంతు ఇచ్చింది. పెళ్ళి చేసుకోలేదు. రోమ్‌లోనే గార్బతెల్లా పేటలో రెండు గదుల ఇంట్లో తల్లి పోయేదాకా తల్లితోనే ఉంది. లాంబెర్తో భార్య ఇవానా కొత్త సినిమా విడుదలైన ప్రతిసారీ వచ్చి ఎర్సీలియా పక్కనే కూర్చునేది. ఆ సీను వచ్చినప్పుడు అందరికన్నా గట్టిగా నవ్వేది. ఆమె పోయాక లాంబెర్తో సముద్రం వైపు ఓస్తియాకు మారాడు. పని ఉంటేనే రోమ్ వస్తాడు. పనయ్యాక నాందో దగ్గర ఇద్దరూ నిలబడి కాఫీ తాగేవారు. అంతకు మించి వాళ్ళు బయట కలిసినట్టు నేనెరగను.

నిరుడు చలికాలంలో చివరి సినిమా వచ్చింది. ఇందులో ఆల్డెన్ ఉద్యోగం మానేసి, కొక్కెం మీది కోటు తీసుకుని వెళ్ళిపోతాడు. ఇప్పుడు ఎవరి మాటలు వాళ్ళు విడివిడిగా రికార్డు చేస్తున్నారు. లాంబెర్తో ముందే వచ్చి వెళ్ళాడు. ఎర్సీలియా వచ్చీ రాగానే బూట్లు విప్పుతూ నన్నడిగింది.

"నెరీనా, వీపు తిరిగినప్పుడు ఏమన్నాడే?"

"ఏమీ అనలేదు."

"తీసేశారా?"

"లేదక్కా. కొర్రాదో రెండుసార్లు అడిగాడు. ఏం తోచడం లేదన్నాడు."

ఆమె బూటు చేత్తో పట్టుకుని అలాగే కూర్చుంది. "ఇన్నేళ్ళూ ఏ మాట పెల్హామ్‌కి, ఏ మాట నాకు అని ఒక్కసారైనా అడగలేదు. మళ్ళీ సినిమా వస్తుంది కదా, అప్పుడు చూద్దాంలే అనుకునేదాన్ని" అంది. "ఇక ఎప్పుడు అడిగేది?"

తన మాటలన్నీ తప్పులేకుండా చెప్పింది. సీను చివర్లో ఆల్డెన్ చెయ్యి కోటు మీద పడుతుంది. అప్పుడే పెల్హామ్ సొరుగు మూయడానికి అటు తిరుగుతుంది. ఆమె వీపు మనవైపుంటుంది. ఎర్సీలియా ఆ ముక్క మళ్ళీ వేయమంది.

"కోటు ఉంచి వెళ్ళండి" అంది, మైకుకు దగ్గరగా వంగి.

గాజు అవతల కొర్రాదో చేతులు పైకెత్తాడు. "అమ్మా తల్లీ! అతను కోటు తీసుకుని పోతున్నాడు. నువ్వు ఉంచమంటే అతను ఏదో ఒకటి అనాలి కదా!"

"అనాలి" అంది ఎర్సీలియా. "పిలిపించు."

మర్నాడు లాంబెర్తో తడిసిన గొడుగుతో వచ్చాడు. ఎర్సీలియా అంతకు ముందే వచ్చి వెనక కుర్చీలో కూర్చుంది. ఆమె మాట వినిపించాం. ఒకసారి విని, మళ్ళీ వెయ్యమన్నాడు. చేతి గడియారం విప్పి జేబులో వేసుకున్నాడు. టిక్కుటిక్కులు మైకులో పడకుండా అతనెప్పుడూ అలాగే చేసేవాడు.

"విడిగా చెప్పలేను, కొర్రాదో. ఆవిణ్ణి ఇక్కడికి రానివ్వు."

"ఆవిడ మాట అయిపోయింది కదయ్యా."

"మాటకి కాదు."

ఎర్సీలియా బూట్లు విప్పి వెళ్ళి అతని పక్కన నిలబడింది. ఎర్రదీపం వెలిగింది. తెర మీద ఆల్డెన్ కోటు తీసుకుని తలుపు వైపు తిరిగాడు. లాంబెర్తో తెర చూడలేదు.

"బయట చలిగా ఉంది. కోటు మీరు వేసుకోండి. కలిసే వెళదాం."

తెర మీద ఆల్డెన్ ఒక్కడే బయటికి వెళ్ళాడు. పెల్హామ్ కుర్చీలోంచి కదల్లేదు. తలుపు మూసుకుంది.

కొర్రాదో కళ్ళద్దాలు తీసి ముఖం రుద్దుకున్నాడు. "ఆవిడ లేవడం లేదు, లాంబెర్తో. కోటు కూడా అతని చేతిలోనే ఉంది. జనం నవ్వుతారు."

"నవ్వనీ."

"ఉంచు, కొర్రాదో" అంది ఎర్సీలియా. "తలుపు మూశాక ఆవిడ లేచిందో లేదో నీకేం తెలుసు?"

కొర్రాదో నావైపు చూశాడు. పొత్తు కుదిరిందన్నాను. వీపు మీద మాట, కుదరకేం.

వాళ్ళిద్దరూ ఒకే గొడుగు కింద వెళ్ళాక, సామాను సర్దుకుని నేను నాందో దగ్గరికి వెళ్ళాను. అతను బల్ల మీద రెండు సాసర్లు, రెండు చెంచాలు అప్పటికే పెట్టి ఉంచాడు.

"ఏరీ మనవాళ్ళు? ఈసారి ఏమన్నాడు?"

"సినిమా వచ్చాక వినుకో" అన్నాను.

అతను తలుపు వైపు చూస్తూ కాసేపు ఆగాడు. వర్షం తగ్గింది. ఎవరూ రాలేదు. ఒక సాసరు తీసి లోపల పెట్టి, రెండోదాంట్లో నాకు కాఫీ పోశాడు.