దరియావలి మోచెయ్యి

దరియావలి సంగతి చెప్పమంటే నాకు ముందు కోపమొస్తుంది. ఎవరి మీదని అడగబాకండి. వాడి మీద, వాళ్లమ్మ మీద, మద్రాసు నుంచి వచ్చిన ఆ అంపైరు మీద, చివరికి ఆ రూల్సు రాసినోళ్ల మీద కూడా. నా పేరు జయరామయ్య. చిట్టమూరులో మాకు వరి పొలం. ఆదివారం వస్తే కాడీ మేడీ మా తమ్ముళ్ల మొహాన పడేసి వికెట్ల వెనక నిలబడేవాణ్ణి. వలి వేసే ప్రతి బంతీ నా చేతుల్లోకే వచ్చేది గనక వాణ్ణి గురించి చెప్పే హక్కు నాకుంది.

వాళ్లు దూదేకులోళ్లు. ఇంటి ముందు గదిలో దూలానికి విల్లు వేలాడేది. దాని తీగ మీద కొయ్యతో కొడుతుంటే దూది విచ్చుకుని గదంతా పొగ మాదిరి లేచేది. వలి పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేదాకా అదే పని. సాయంత్రం బయటికి వస్తే మీసం మీద దూది, రెప్పల మీద దూది. వాళ్ల నాయన దగ్గి దగ్గి చచ్చిపోయినాడు. ఆ దగ్గు వలికీ పట్టుకునింది. ఈ పని మానకపోతే నువ్వూ మీ నాయన దోవనే పోతావని ఆసుపత్రి డాక్టరు మొహం మీదే చెప్పినాడు. మానేసి ఏం తినేది? మడి లేదు, చెక్క లేదు. వాడికి చేతనైన ఇంకో పని బంతి తిప్పడం. దాన్ని పనంటే ఎవరైనా నవ్వుతారు.

ఆ కుడిచెయ్యి కథ కూడా చెప్పాలి. చిన్నప్పుడు ఎద్దుల బండి మీంచి పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. వెదురు బద్దలు పెట్టి, కోడిగుడ్డు సొన పట్టించి కట్టు కట్టినారు. కట్టు ఆరకముందే పీర్ల పండగ వచ్చింది. వాళ్లమ్మ జాన్‌బీ ఎప్పుడో మొక్కుకునిందంట, కొడుకు కుడిచేత్తో పీరును ఎత్తుకుంటాడని. కట్టుంటే ఎట్ల ఎత్తుకుంటాడని కత్తితో కోసి పారేసింది. పీరు లేచింది, చెయ్యి మాత్రం వంకరగానే అతుక్కునింది. మడిస్తే మడిచేవాడు, బువ్వ తినేవాడు, దూది ఏకేవాడు. పూర్తిగా చాచమంటే మాత్రం రాదు. గట్టిగా లాగినా వంపు వంపే.

ఆ వంపు చెయ్యి నుంచే వచ్చేది ఆ బంతి. ఆఫ్ వికెట్టుకు అవతల పడి, చెప్పినట్టు లోపలికి తిరిగేది. విల్లు మీద కొట్టీ కొట్టీ మణికట్టు అంత ఆడేది వాడికి. కావలి నుంచి వచ్చిన కాలేజీ పిల్లోళ్లను కూడా ఏడిపించినాడు.

గూడూరులో ఒక అబ్రకం కంపెనీ ఉండేది. దాని మేనేజరు పద్మనాభయ్యగారికి క్రికెట్టంటే ప్రాణం. ఒకసారి మా వాడి బౌలింగు చూసి దగ్గరికి పిలిచినాడు.

"ఏం అబ్బయ్యా, మా టీములో ఆడతావా? మద్రాసోళ్లతో మ్యాచి పెట్టుకున్నాం. అందులో గట్టిగా వేసినావంటే గేటు కాడ వాచ్‌మాను పని ఇప్పిస్తా."

గేటు కాడ పని. ఆరు బయట గాలి. వలి ఇంటికొచ్చి భార్య సర్దార్‌బీతో ఈ రెండు ముక్కలే చెప్పినాడు. ఆ పిల్ల విల్లు కిందికి దించి గోడకు ఆనించింది. ఇంక దీనితో పనేముందన్నా, అని నాతో నవ్వింది కూడా.

ఆ సంవత్సరాల్లో యాడ చూసినా చెయ్యి వంపు గోలే. ఇంగ్లండులో ఎవరో చెయ్యి తిప్పి వెయ్యకుండా మోచెయ్యి మడిచి చాచి బంతి విసురుతున్నాడని గొడవైందని పేపర్లో వచ్చింది. అప్పట్నుంచి అంపైర్లందరికీ బౌలర్ల మోచేతుల మీదే కన్ను. ఆ మ్యాచికి వచ్చిన మద్రాసు అంపైరు కూడా ఆ ధ్యాసతోనే దిగినాడు. వలి మొదటి బంతి వేసినాడో లేదో లెగ్ వైపు నిలబడి "నోబాల్" అన్నాడు. రెండోదీ నోబాలే. ఇంకొకటి వేస్తే అదీ అంతే. కెప్టెను బంతి తీసుకుని ఇంకొకరికి ఇచ్చినాడు. వలి బౌండరీ దగ్గరికి పోయి మోచెయ్యి ఎడమచేత్తో మూసుకుని నిలబడినాడు.

నేను ఊరుకుంటానా. ఆట ఆగంగానే పోయి అంపైరును నిలేసినాను.

"అయ్యా, వంగిన చెయ్యి చాస్తే గదా విసిరినట్టు? వీడి చెయ్యి చాపను రాదే. లాగి చూసుకోండి."

"చాపను రాదు, సరే. ఉన్న వంపు కంటే ఇంకా మడిచి, మళ్లీ చాచి వదల్లేదని నాకెట్ల తెలుసు?" అన్నాడాయన.

దానికీ దోవ ఉంది. కంచెలోంచి వెదురు బద్ద విరిచి, వలి మోచేతికి ఆనించి నా తుండుగుడ్డతో బిగించి కట్టినాను. మడవనూ రాదు, చాపనూ రాదు. అట్లే వేసినాడు వలి. అట్లే తిరిగింది బంతి. పద్మనాభయ్యగారు చప్పట్లు కొట్టినాడు. అంపైరు దగ్గరికొచ్చి బద్ద ముడి లాగి చూసినాడు.

"బద్ద కట్టుకుని ఆడటం కుదరదు. బద్ద లేకపోతే నా కంటికి విసిరినట్టే కనిపిస్తుంది. అనుమానమొస్తే నోబాల్ అనమనే రూలు. నేను రూలు దాటలేను," అన్నాడు చివరికి. మంచిగానే చెప్పినాడు. ఆ మంచితనం చూసే నాకు ఒళ్లు మండింది.

పద్మనాభయ్యగారు వలి భుజం తట్టినాడు. "ఎండాకాలం మ్యాచిల దాకా ఆ పని ఎవరికీ ఇయ్యను. ఈలోపల ఆ చెయ్యి సంగతేందో చూసుకో." మాట వరసకన్నాడో, మనసులోంచే అన్నాడో తెలవదు. వలి మాత్రం అదే పట్టుకున్నాడు.

ఊరొచ్చినాక మళ్లీ విల్లు కట్టినాడు. దగ్గు ముదిరింది. తెమడలో ఎర్రజీర కనబడిందని సర్దార్‌బీ నాతో చెప్పి ఏడ్చింది. ఇదంతా తెలిసి కూడా నేను వాణ్ణి నాయుడుపేట టీములో అడుగుదామా, వెంకటగిరిలో అడుగుదామా అని తిప్పినాను. యాడికి పోయినా నోబాల్ మాట మాకంటే ముందే పోయి కూర్చోనుండేది.

ఒకరోజు వాడు నాకు చెప్పకుండా కట్టు కట్టే హజరత్తయ్య దగ్గరికి పోయినాడు. వంకరగా అతుక్కున్న ఎముకను మళ్లీ విరిచి సరిగ్గా కట్టడం మా వైపు ఉండేదే. కాలి ఎముక, ముంజేతి ఎముక అయితే బాగుపడిన వాళ్లూ ఉన్నారు. మోచెయ్యి కీలు దగ్గర వద్దని హజరత్తయ్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టినాడంట. వీడు ఆయన గడప దిగలేదు. "నేను చచ్చేది ఎట్లా ఖాయమే సామీ, దూదిలో చావకుండా చూడు," అని కాళ్లు పట్టుకున్నాడంట. నాకు తెలిసి నేను పరిగెత్తేటప్పటికి పని అయిపోయింది. వాడు పళ్ల మధ్య గుడ్డ కరుచుకుని పడుకోనున్నాడు. నన్ను చూసి గుడ్డ తీసి అన్నాడు:

"అన్నా, ఈసారి కట్టు ఎవురూ విప్పకుండా చూడన్నా."

ఎవరూ విప్పలేదు. పీర్ల పండగ వచ్చిపోయినా విప్పలేదు. జాన్‌బీ కట్టును చేత్తో తాకను కూడా తాకలేదు పాపం, దూరంగా కూర్చుని చూస్తుండేది. ఆరినాక హజరత్తయ్యే వచ్చి విప్పినాడు. చెయ్యి చూస్తే గీత గీసినట్టుంది. వంపు మచ్చుకైనా లేదు. వలి సంతోషంతో చెయ్యి ఎత్తి సర్దార్‌బీకి చూపించినాడు. తర్వాత మడుద్దామని చూసినాడు. వంగలేదు. నూనె రాసినారు, వేన్నీళ్ల కాపడం పెట్టినారు. వంగలేదు. చిటికెనవేలు, ఉంగరంవేలు మొద్దుబారిపోయినాయి.

అయినా ఎండాకాలం మ్యాచికి గూడూరు పోవాలన్నాడు. ఆ మొండితనం చూస్తే చెంప పగలగొట్టాలనిపించింది, కానీ బస్సెక్కినాను. అదే గ్రౌండు, అదే అంపైరు. వలి పరిగెత్తి వచ్చి వేసినాడు. బంతి ఎత్తుగా పోయి నేరుగా పడింది, నేరుగానే వచ్చింది. తిరగలేదు. బ్యాటింగు చేసేవాడు దాన్ని గ్రౌండు బయటికి కొట్టినాడు. ఓవరంతా అంతే. నేను అంపైరునే చూస్తున్నాను. ఆయన ఒక్కసారి కూడా నోబాల్ అనలేదు. ఓవరు అయినాక వలి దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుని చూసినాడు.

"ఇప్పుడు చాలా బాగుంది. ఏ తప్పూ లేదు," అన్నాడు.

వలి తల ఊపినాడు. ఆ కళ్లల్లో నీళ్లు చూసి ఆయన సంతోషమనుకున్నాడేమో, ఇంకా మెచ్చుకున్నాడు.

మధ్యాహ్నం కంపెనీ వాళ్లు ఆకులేసి అన్నాలు పెట్టినారు. వలి అన్నం కలుపుకుని ముద్ద చేసినాడు. చెయ్యి నోటి దాకా రాలేదు. వంగి మొహాన్నే ఆకు దగ్గరికి తీసుకుపోబోయి, ఎదురుగా అంపైరు, పద్మనాభయ్యగారు చూస్తున్నారని మళ్లీ తల ఎత్తినాడు. ఎడమచేత్తో తినడు వాడు, నలుగురిలో అసలే తినడు. నేను నా చెయ్యి కడుక్కుని వచ్చి వాడి ఆకులోంచి ముద్ద తీసి నోట్లో పెట్టినాను. అంపైరు తన ఆకు మడిచి లేచిపోయినాడు. గేటు పని మాట పద్మనాభయ్యగారు ఎత్తలేదు, మేమూ అడగలేదు.

ఇప్పుడు ఆ ఇంట్లో విల్లు సర్దార్‌బీ పట్టుకునింది. వలి వీధి అరుగు మీద కూర్చుని ఉంటాడు, ఆరు బయట గాలికి. దగ్గు చాలా తగ్గింది. డాక్టరు కూడా మెచ్చుకున్నాడంట. పొలం నుంచి వచ్చేటప్పుడు నేను ఆగి పలకరిస్తాను. బువ్వ వేళకు సర్దార్‌బీ గిన్నె తీసుకుని, రెప్పల మీద దూదితో బయటికొస్తుంది. వాడి పక్కన కూర్చుని ముద్ద కలిపి నోటికి అందిస్తుంది. మధ్యలో ఆగి మొహం పక్కకు తిప్పుకుని దగ్గుతుంది. వాడు నోరు తెరుచుకుని, ఆ దగ్గు ఆగేదాకా అట్లే చూస్తుంటాడు.