లాగ్‌బుక్కులో వదిలిన రెండు పేజీలు

మొన్న మా కాలేజీలో చదివే ఒక అమ్మాయి, విదేశాల్లోని కణ పరిశోధనశాలలో విద్యార్థి శిక్షణకు సిఫారసు ఉత్తరం కావాలని వచ్చి, తాను చేసిన పనంతా తేదీలతో సహా ఫోనులో చూపించింది. నేను అడగనైనా లేదు. ఆమె వెళ్ళాక కలం పట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చుండిపోయాను. మేడ్చల్‌లో ఇన్నేళ్ళుగా ఫిజిక్సు చెబుతున్నవాడికి ఒక ఉత్తరం రాయడానికి చేయి ఆడకపోవడమేమిటని మీరనుకోవచ్చు. కారణం చెప్పాలంటే తొంభైల చివరికి వెళ్ళాలి.

అప్పుడు నేను ఎమ్మెస్సీ చదువుతూ, శామీర్‌పేట దాటాక ఉన్న ఒక పరిశోధనశాలలో ఆరు నెలల ట్రైనింగుకు చేరాను. మాది చెరువును నమ్ముకుని బతికే ఇల్లు. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్ళం. బాపు చేపలు పట్టేవాడు, అవ్వ గంపతో బస్సెక్కి సూరారం దాకా పోయి అమ్ముకొచ్చేది. అట్లాంటి ఇంట్లోంచి వెళ్ళి, చెప్పులు బయట విడిచి, తెల్లకోటు తొడుక్కుని ఆ ఏసీ గదిలో నిలబడితే, నా ఒంటికి చేపల వాసన ఉందేమోనని మొదటి వారమంతా గోడ పక్కనే నడిచాను.

మేం చేసేవి ఆకాశం నుంచి వచ్చి మన ఒంట్లోంచి కూడా దూసుకుపోయే కణాలను పసిగట్టే పెట్టెలు. పల్చటి గాజుపలకలను ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి మధ్య సన్నటి సందు నిలవడానికి నైలాన్ దారం లాగి కట్టి, ఆ సందుల్లోకి గ్యాసు పంపేవాళ్ళం. వాడే దారం అచ్చంగా గాలానికి కట్టే దారమే. వానలు మొదలయ్యేసరికి అది చెమ్మ పీల్చి సాగిపోయేది, పలకలు కదిలేవి, ఏ కణమూ రాకపోయినా పెట్టె వచ్చిందని చెప్పేది. పెద్ద పెద్ద చదువులవాళ్ళు తలలు పట్టుకున్నారు.

ఒకరోజు అన్నం తింటూ ఈ గోడు బాపుకు చెప్పుకుంటే ఆయన పకపకా నవ్వి, కొత్త దారాన్ని ఎలా లొంగదీయాలో చెప్పాడు. అలాగే చేసి ఒక పెట్టె కట్టాను. మూడు వారాల వానలో ఒక్క తప్పుడు సంకేతం రాలేదు. ల్యాబులో మాకు పని నేర్పే గైడు పొంగిపోయి, స్వయంగా చూస్తానని మా ఇంటికొచ్చి, నులక మంచం మీద కూర్చుని చేపల పులుసుతో అన్నం తిని, బాపు చెబుతుంటే చిన్నపిల్లాడిలా విన్నాడు.

"కొత్త దారానికి మస్తు పొగరుంటది సారూ. నీళ్ళల్ల నానబెట్టి, రాయి గట్టి రెండు దినాలు నీడకు ఏలాడదియ్యాలె. ఇగ సాగది."

ఆ ల్యాబులో ఒక పద్ధతుండేది. ఎవరు ఏది కనిపెట్టినా అదే రోజు అందరికీ ఉమ్మడిగా ఉన్న లాగ్‌బుక్కులో తమ చేత్తో రాయాలి, కింద గైడు సంతకం చెయ్యాలి. బుక్కులో లేనిది జరగనట్టే లెక్క. మొదటిరోజు మాకు ఈ పాఠం చెప్పింది ఆ గైడే. నేను రాయబోతే ఆపిందీ ఆయనే. ఇంకో నాలుగు పెట్టెలు చేసి చూశాక శుభ్రంగా రాద్దాం, అందాకా రెండు పేజీలు వదిలిపెట్టు బాబూ అన్నాడు. వదిలిపెట్టాను. మా ఇంటి అన్నం తిన్న మనిషి మాట నాకు సంతకం కన్నా గట్టిగా తోచింది.

ఆ ఏడు మాలో ఒక్కరిని విదేశీ పరిశోధనశాలలో శిక్షణకు పంపుతామన్నారు. ఎంపిక రోజు పెద్దలంతా కూర్చుని లాగ్‌బుక్కు తెరిచారు. నేను వదిలిన రెండు పేజీల్లో నానబెట్టడం, రాయి కట్టడం, నీడన వేలాడదీయడం అన్నీ ఉన్నాయి, పాత తేదీతో, నాతోపాటే ట్రైనింగు చేస్తున్న గైడుగారి బావమరిది కొడుకు చేతిరాతలో. కింద గైడు సంతకం. కంచే చేను మేసింది. నేను నోరు తెరవబోయేంతలో ఆయనే నా భుజం తట్టి, అందరూ వినేలా అన్నాడు.

"ఈ అబ్బాయి కూడా దారం అదీ తెచ్చిపెట్టి బాగా సాయం చేశాడండీ."

ఆ పేజీలు నా చేతులతో నేను వదిలినవే, ఇంక ఎవరికేం చూపించను? ఆ అబ్బాయి వెళ్ళాడు, నేను మేడ్చల్ వచ్చాను. ఇప్పటికీ ఆ భుజం తట్టడం గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది.

ఆ అమ్మాయిలాంటి ఈ కాలం పిల్లలు ఎవరి మాట మీదా పేజీ ఖాళీగా వదలరు. మంచిదే, కానీ అంత చిన్న వయసులో అంత అనుమానం చూస్తే దిగులేస్తుంది. మేం గురువును నమ్మడానికి ఆలోచించినవాళ్ళం కాదు. బాపైతే పోయేదాకా చెరువుకట్ట మీద కనబడినవాళ్ళందరికీ, అంత పెద్ద సారు మా ఇంట్ల కూసోని నా దగ్గర నేర్సుకున్నడని చెప్పుకునేవాడు. జరిగింది ఆయనకు చెప్పకుండా, నేను పక్కనే నిలబడి అవునని తలూపేవాణ్ణి. చదువుకున్నవాడొకడు ఎదురుగా కూర్చుని ఆయన చెప్పింది విన్నది ఆ ఒక్కరోజే, ఆ రోజును ఆయన దగ్గరినుంచి లాక్కోవడానికి నాకు మనసొప్పలేదు.