నవ్వినవాడికి దిష్టి తీయరు

పక్కింట్లో ఎండుమిరపకాయలు కాలుతున్న ఘాటు. దెయ్యం సినిమా చూసి జడుసుకున్న కొడుక్కి వాళ్లమ్మ దిష్టి తీస్తోంది. దెయ్యం సినిమాలు ఉత్త వెకిలివి, దిష్టి మూఢనమ్మకం. ముప్పై ఏళ్లుగా ఇదే అరుస్తున్నాను, ఇప్పుడూ అంటాను.

కానీ మిత్రులారా, మన దర్శి ఊళ్లో నేల టికెట్ మ్యాట్నీలు గుర్తున్నాయా? ఓసారి తెరమీద తెల్లచీర కనిపించగానే చెల్లి కెవ్వుమంది. నేను పగలబడి నవ్వాను. ఇంటికి రాగానే అమ్మ దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. గుప్పెడు మిరపకాయలు దాని చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది.

"నాకూ తియ్యవే అమ్మా!"

"నీకెందుకురా? హాల్లో పళ్లికిలించావుగా!"

ఆ కుళ్లు ఇంకా చావలేదు. ఇవాళ పక్కింటివాళ్లతో గొడవకు లేచినవాణ్ని, కిటికీ కూడా మూయకుండా దగ్గుతూ కూర్చున్నాను.