నేను మానుకోని స్పానిష్

ఈ సాయంత్రం మా ఐదేళ్ళ పాప వసారాలోంచి వచ్చి, "అమ్మా, నువ్వు స్పానిష్ యాల ఇడిసిపెట్టినావు?" అని అడిగింది. ఆ మాట దానికి ఎక్కడ దొరికిందో నాకు తెలుసు. మా అత్త పక్కింటామెతో కలిసి చిక్కుడుకాయలు వలుస్తూ, "మా కోడలు ఏందో పరదేశం బాస నేర్చుకుంటా ఉండె. పెండ్లయినాక తనే మానుకునింది" అనడం వంటింట్లోకి వినబడుతూనే ఉంది. అత్త ఈ మాట అనడం మొదటిసారి కాదు. అన్నప్పుడల్లా నేను పప్పుగుత్తిని ఇంకాస్త గట్టిగా తిప్పి ఊరుకున్నాను. కుప్పంలో మా ఇంటి పప్పు అంత మెత్తగా ఉంటుందని అందరూ మెచ్చుకోవడానికి కారణం అదే. కానీ పాప అడిగాక గుత్తి తిప్పడం చేతకాలేదు. కొత్తగా అక్షరాలు దిద్దుతోంది, చెయ్యి నొప్పి పుడితే పలక పక్కన పడేస్తుంది. వాళ్ళమ్మ కూడా అట్లాగే పడేసిందని నమ్మితే?

నా పుట్టిల్లు పుంగనూరు. మదనపల్లెకు బస్సులో పోయి డిగ్రీ చదివేదాన్ని. అక్కడ ఒక కేరళ సిస్టర్ ఉండేది, స్పెయిన్‌లో చాలా ఏళ్ళు నర్సుగా చేసి వచ్చిన మనిషి. బెంగళూరు కంపెనీల్లో ఆ భాష వచ్చినవాళ్ళకు ఉద్యోగాలున్నాయని మా నలుగురికి సాయంత్రాలు నేర్పేది. పుస్తకం తర్వాతి సంగతి, ముందు ప్రతి ఒక్కరూ నిన్న ఏం చేశారో స్పానిష్‌లో చెప్పాలి. చేయడాన్ని వాళ్ళు అసేర్ అంటారు. జరిగిపోయిన పని అయితే అది గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. నేను చేశాను అంటే ఈసె, నువ్వు చేశావు అంటే ఇసీస్తె, ఆమె చేసినా ఆయన చేసినా ఈసొ. మా నిన్నల్లో ఏముంటుంది? నేను దోసెలు చేశాను, మొన్నా దోసెలే చేశాను. "పుంగనూరులో దోసెలు తప్ప ఇంకేమీ జరగవా?" అనేది సిస్టర్, నవ్వకుండా. బస్సులో టమాటా గంపల మధ్య నిలబడి ఇవన్నీ వల్లించుకుంటుంటే ఒకరోజు కండక్టర్ దగ్గరికొచ్చి, "ఏమ్మా, నన్నేమన్నా తిడతాండావా?" అన్నాడు. ఆ నెలలో నేను అంత నవ్విన రోజు ఇంకోటి లేదు.

పెళ్ళిచూపుల్లోనే చెప్పాను, బెంగళూరులో స్పానిష్ పరీక్ష రాస్తానని. ఏడాదికి ఒక్కసారే పెడతారు. "రాసుకో, కుప్పం నుంచి రైలుండాది గదా" అన్నాడు ఇప్పుడు నా భర్త అయిన మనిషి. అత్త కూడా తలూపింది. అత్తగారింట్లో పట్టుపురుగులు పెంచుతారు. పురుగులు పండి, ఒళ్ళు పసుపు తిరిగి ఆకు ముట్టడం మానేసినప్పుడు వాటిని ఒక్కొక్కటే ఏరి, గూళ్ళు కట్టుకునేందుకు వెదురు చంద్రికల మీద వదలాలి. ఆ రోజు చుట్టుపక్కల ఆడవాళ్ళంతా సాయానికి వస్తారు, కోడలు లేకపోతే మాటొస్తుంది. నా పరీక్ష రోజు తెల్లారేసరికే పురుగులు పండాయి, అనుకున్నదానికి ఒకరోజు ముందుగా. నేను చీర కట్టుకుని, సంచిలో హాల్‌టికెట్ పెట్టుకుని బయటికొచ్చాను.

"ఈ దినం యాడికి మా? రేపు పో" అంది అత్త.

"పరీక్ష ఈరోజే అత్తా."

"రేపు పోతే రాయనీరా ఏంది? గూళ్ళ మార్కెట్టు ఈ దినమూ ఉంటాది, రేపూ ఉంటాది."

అత్త బడి గడప తొక్కని మనిషి. పరీక్షను కూడా మార్కెట్ లాంటిదే అనుకుంది. ఆ మాటకు నాకు ఆమె మీద ఇప్పటికీ కోపం రాదు. నా కోపం పక్కన నిలబడిన నా భర్త మీద. ఆయన బి.కాం. పరీక్షలు మూడేళ్ళు రాశాడు. పరీక్ష రేపు ఉండదని ఆ ఇంట్లో నాతోపాటు తెలిసినవాడు ఆయనొక్కడే. నేను ఆయన ముఖం చూశాను. ఆయన చంద్రికను చూశాడు, తర్వాత దాని మీద దుమ్ము దులిపాడు. నేను చీర మార్చుకొచ్చి మధ్యాహ్నం దాకా పురుగులు ఏరాను. మరుసటి ఏడు ఆ పరీక్ష రోజులకు పాప కడుపులో ఉంది. ఆ తర్వాత సిస్టర్ కేరళ వెళ్ళిపోయింది.

ఈ సాయంత్రం పాపను చెయ్యి పట్టుకుని వసారాలోకి పోయాను. "అత్తా, నేను మానుకోలేదు. మీరు పోనీలేదు" అన్నాను. పక్కింటామె చేతిలో కాయ అట్లాగే ఉండిపోయింది.

"రేపు పొమ్మంటి గదమ్మా నేను" అంది అత్త, నిజంగానే ఆశ్చర్యపోయి.

అరుగు మీదున్న ఆయన, "అయిపోయినదానికి ఇప్పుడు యాల ఆ మాట?" అన్నాడు.

"పరీక్ష రేపు ఉండదని ఆ దినం నువ్వు అనాల్సింది. అనలేదు. అందుకే ఇప్పుడు నేనంటాండాను."

ఆయన లేచి పాలకు వెళ్ళాడు. పాల వేళ ఇంకా కాలేదు. పాప నా కొంగు లాగి, "అయితే నువ్వు ఇడిసిపెట్లేదా?" అంది. లేదన్నాను. అది తలూపి అత్త పక్కన కూర్చుని చిక్కుడుగింజలు ఏరసాగింది.

ఆ పురుగులు గూడు కట్టడం ముగించడానికి మూడు రోజులు పట్టింది. నాకు ఒక్క మాట అనడానికి ఆరేళ్ళు పట్టింది, ఆ ఆరేళ్ళూ నేను ఊరికే ఉన్నానని ఈ ఇల్లు అనుకుంది.