బాలనర్సయ్య సన్మానపత్రానికి నేను పెట్టిన కొసమెరుపు

ముంబయి కామాటిపురలో ఒక సన్మాన సభను నేనొక్కణ్ణే, ఒకే ఒక్క కాగితంతో, నేలమట్టం చేసిన వైనం చెబుతాను. మా ముత్తాత ఈ ఊళ్లో రాతి మేడలు కట్టించిన పెద్ద మేస్త్రీ. కట్టడం ఆయన వంతయింది, కూల్చడం నా వంతయింది. వంశంలో పనులు అలా పంచుకున్నాం.

అప్పుడే ముత్తాతను తెచ్చాడేమిటని విసుక్కోకండి. ఆ రోజుల్లో నేను ఎవరితో మాట్లాడినా ఆయనతోనే మొదలుపెట్టేవాణ్ణి. గ్రాంట్ రోడ్ స్టేషన్ కిటికీ దగ్గర టికెట్ అడగాలన్నా అంతే. ఒకప్పుడు మాకు సొంత చాల్ ఉండేది. చాల్ అంటే పొడుగాటి వరండా, వరస గదులు, ఒకరింట్లో తాలింపు వేస్తే పదిళ్లలో తుమ్ములు. నా కాలానికి అందులో మాకు ఒక గది మిగిలింది, అదీ అద్దెకు. అయినా నా వీపు మాత్రం వంగలేదు. నీళ్ల లైనులో పట్టాభిషేకానికి వచ్చినవాడిలా నిలబడేవాణ్ణి. బకెట్‌ను ఎవరో నా చేతిలో మర్చిపోయి వెళ్లినట్టు ముఖం పెట్టేవాణ్ణి. చాల్‌లో అందరూ నన్ను "సాబ్" అనేవారు. ఆ పిలుపులో గౌరవం ఎంతో, నవ్వు ఎంతో విడదీసి చూసే తెలివి అప్పటికి రాలేదు.

ఆస్తులు పోయినా మా ఇంటికి ఒక హక్కు మిగిలింది. చాల్‌లో ఎవరు రిటైరైనా శాలువా, దండ, అద్దం బిగించిన సన్మానపత్రం ఉండి తీరాలి. ఆ పత్రం రాసి, సభలో నిలబడి చదివేది మా ఇంటివాళ్లే. తాత చదివాడు, నాన్న చదివాడు. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉండేవి: "ఓ సౌజన్యమూర్తీ! ఓ కరుణాసింధూ!" పేరు మారిస్తే ఎవరికైనా సరిపోయేవి, సంతలో కొన్న టోపీల్లాగా. ఇంత గొప్ప వంశంలో పుట్టి టోపీలు కుట్టడమేమిటని నాకు రోషం వచ్చింది. ధారావిలో ఒక మాస్టారు ఆదివారాలు నడిపే తెలుగు క్లాసులో చేరాను. పాత కథలు చదివించేవారు. ఎత్తుగడ అంటే ఏమిటి, సంఘర్షణ అంటే ఏమిటి, వ్యాసం ఎలా రాయాలి అన్నీ మొదటి మెట్టు నుంచి చెప్పేవారు.

మొదటి వారం 'వానాకాలం' మీద వ్యాసం రాయమన్నారు. నాది చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇందులో వాన ఎక్కడండీ?"

"చివరి పేజీలో మాస్టారూ. మా ముత్తాత కట్టించిన మేడ మీద పడుతుంది."

"వ్యాసం అడిగితే వంశచరిత్ర రాశారు."

దాన్ని నేను మెప్పు కింద జమ వేసుకున్నాను.

తర్వాతి వారం ఒక పాత కథ చదివించారు. ఊరంతా దొంగ అనుకున్న మనిషి చివరి వాక్యంలో దేవుడిలాంటివాడని తేలుతుంది. నా ఒళ్లు ఝల్లుమంది.

"దీన్నే కొసమెరుపు అంటారు," అన్నారు మాస్టారు. "చదివేవాణ్ణి ఒక దారిన నడిపించి, చివర్లో ఒక్క మాటతో వెనక్కి తిప్పాలి. అందుకు ముందు గట్టి సంఘర్షణ ఉండాలి. అది లేకపోతే కథే లేదు."

"వ్యాసానికి కూడా పెట్టొచ్చా?"

"వద్దు. వ్యాసంలో చెప్పదలచింది తిన్నగా చెప్పాలి."

పాపం, ఆయనకు సన్మానపత్రాల అనుభవం లేదని మనసులోనే క్షమించేశాను.

సరిగ్గా ఆ వారమే మా పక్క గది బాలనర్సయ్య రిటైరయ్యాడు. ఒక ఆఫీసు భవనంలో లిఫ్ట్ నడిపేవాడు. అంత మెత్తని మనిషి దూదిలో కూడా దొరకడు. గోడకు భుజం తగిలితే పక్కకు జరిగి గోడకు దారి ఇచ్చేవాడు. ఆయన భార్య అంజమ్మ మా గుమ్మంలోకి వచ్చింది.

"సాబ్, మంచిగ రాయాలె నువ్వు. మా వియ్యంకుడు మల్లేశం భివండికెల్లి వస్తున్నడు. పిల్లల పెండ్లయిన కాడికెల్లి మా ఆయనను మనిషి లెక్క చూస్తలేడు. వియ్యంకులు బావా అని పిలుచుకుంటరు గద? గీయన లిఫ్ట్‌వాలా అంటడు! నలుగుర్ల ఒక్కసారి గా నోటితోటి బావా అనిపియ్యి. నాకింకేం వద్దు."

వెనక నిలబడ్డ బాలనర్సయ్య గొణిగాడు: "అనకున్నా నడుస్తది బిడ్డా. అంటే మాత్రం మంచిగుంటది."

ఆ మాట ఆయన నేల చూస్తూ అన్నాడు. నా గుండె కరిగింది. ఈ మనిషికి మామూలు టోపీ పెట్టకూడదు, కొసమెరుపే పెట్టాలి అని నిర్ణయించుకున్నాను.

"మామా, మీ జీవితంలో ఎవరితోనైనా కొట్లాట ఉందా?"

"ఎందుకు బిడ్డా?"

"పత్రంలోకి సంఘర్షణ కావాలి."

తల గోక్కున్నాడు. "ఒకపారి ఒక సేట్ నాలుగో మాలా అన్నడు, గదే నాలుగో అంతస్తు. నేను ఐదు ఒత్తిన."

"తర్వాత?"

"మాఫీ అడిగిన. ఆయన మెట్లు దిగి పోయిండు."

మీరే చెప్పండి, దీనితో ఏం అల్లుతాం? సంఘర్షణ అంతా నా సొంత ఖర్చుతో సమకూర్చాను.

సభ రోజున చాల్ ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మరమగ్గాల యజమాని మల్లేశం ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. వేలికో ఉంగరం, ఉంగరానికి తగ్గ మీసం. ఫోన్లోంచి తల ఎత్తకుండానే అడిగాడు: "ఏం లిఫ్ట్‌వాలా, జల్దీ అయితదా? నాకు వాపస్ పోవాలె."

నేను మైకు ముందుకు వెళ్లి గొంతు సవరించుకున్నాను.

"ఒకప్పుడు ఎవరి అడుగుల చప్పుడు వింటే ఈ గల్లీల్లో షట్టర్లు దబదబా పడేవి? ఎవరి నడుముకు వేలాడే కత్తిని చూసి రౌడీలు పక్క గల్లీలోకి తిరిగేవారు? ఎవరి కంటిసైగకు టాక్సీలు వెనక్కి నడిచేవి? ఇడుగో, ఈ బాలనర్సయ్య!"

పై అంతస్తులో ఎవరిదో కుక్కర్ ఒక్కటే ఈల వేసింది.

"సాబ్!" అంజమ్మ లేచింది. "ఇంకొకలది చదువుతున్నవా ఏంది?"

"ఆగు అత్తా, ఇది సంఘర్షణ."

"నీ సంఘర్షణ మీద మన్నుబొయ్య! నా మొగనికి కత్తి ఏడికెల్లి వచ్చింది? ఉల్లిగడ్డ కొయ్యమంటెనే ఏడుస్తడు!"

"చివరిదాకా విను, మెరుపు ఉంది."

"మెరుపు తర్వాత. ముందుగాల నా చెప్పు చూడు!"

ఆమె వంగి చెప్పు తీసింది. వెనక వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి.

"అరే, గీయన భాయ్ ఆ?"

"గందుకే గంత చుప్‌చాప్ ఉంటడు. అసలు భాయ్‌లు గట్లనే ఉంటరు."

మల్లేశం ఫోన్ జేబులో పెట్టి లేచాడు. నేరుగా బాలనర్సయ్య ముందుకు వెళ్లి నిలబడ్డాడు. బాలనర్సయ్య పెదవులు భయంతో వణుకుతున్నాయి. చూసేవాళ్లకు మాత్రం కోపం ఆపుకుంటున్నట్టే ఉంది.

"ఇన్ని ఏండ్ల సంది నాకొక్క ముక్క చెప్పలేదు గదా," అన్నాడు మల్లేశం. "నేను లిఫ్ట్‌వాలా అంటుంటె నవ్వి ఊకున్నవ్. ఎంత పెద్ద దిల్ నీది, బావా!"

బావా! అంజమ్మ చెప్పు గాలిలో ఆగిపోయింది. మల్లేశం స్వయంగా దండ తీసి బాలనర్సయ్య మెడలో వేశాడు. చప్పట్లు మోగాయి. కోరింది జరిగింది. బుద్ధి ఉన్నవాడెవడైనా అక్కడ కాగితం మడిచి కూర్చుంటాడు.

కానీ నా చేతిలో కొసమెరుపు మిగిలిపోయింది.

"బస్ సాబ్, మస్తు చదివినవ్," అంజమ్మ చెప్పు కాలికి తొడుక్కుంటూ కళ్లతో బతిమాలింది. "కూసో ఇగ."

"ముగింపు లేని రచన కప్పు లేని మేడ అత్తా. మా ముత్తాత..."

"మీ ముత్తాతకు దండం పెడుత, కూసో!"

కూర్చోలేదు. చెయ్యి పైకెత్తి చదివాను: "కాదు, సభికులారా, కాదు! ఇదంతా లిఫ్ట్‌లో స్టూలు మీద కునుకు తీసినప్పుడు వచ్చిన కల! మెలకువ వచ్చి చూసుకుంటే ఆయన చేతిలో ఉన్నది కత్తి కాదు, టిఫిన్ డబ్బా! ఈయన చీమను కూడా మీరు అని పిలిచే సాధువు!"

చప్పట్ల కోసం ఆగాను. ఒక్కటీ రాలేదు. కరెంటు పోయిన మగ్గంలా మల్లేశం ముఖం ఆగిపోయింది.

"అంటే... ఒక్కణ్ణి గూడ కొట్టలేదా?" బాలనర్సయ్య భుజం మీద నుంచి అతని చెయ్యి మెల్లగా జారింది. నోట్లో 'లి' అనే అక్షరం తయారవుతోంది.

అప్పుడు లేచాడు బాలనర్సయ్య. జీవితంలో మొదటిసారి ఒకరి చేతిలోంచి ఒక వస్తువు లాక్కున్నాడు. అది నా మైకు.

"కల అన్నదే ఝూట్!" అని గర్జించాడు. "మొదట చదివిందంత నిజం! నాకు భయపడి ఆఖరుకు మార్చి రాసిండు గీ సాబ్!"

నా కాలర్ పట్టుకుని దగ్గరికి లాగాడు. మైకు పక్కకు పెట్టి నా చెవిలో గొణిగాడు: "ఏమనుకోకు బిడ్డా, జర భయపడ్డట్టు చెయ్యవా?"

చుట్టూ చాల్ మొత్తం చూస్తోంది. బాలనర్సయ్య కళ్లు చూశాను, నీళ్లతో నిండి ఉన్నాయి. తరతరాలుగా వంగని మా వంశపు వీపు కిర్రుమని నడుము దాకా వంగింది. ఆయన మైకు మళ్లీ నా నోటి ముందుకు తెచ్చాడు. "తప్పయింది భాయ్, వదిలెయ్!" అని దండం పెట్టాను. మేడలు కట్టిన వంశం ఆ రోజు ఒక లిఫ్ట్‌మన్ ముందు గడగడా వణికింది, అదీ మైకులో.

"ఛోడ్ దో బావా, చిన్నోడు," అని మల్లేశం నన్ను విడిపించాడు. ఆ రోజు భివండి వాపసు పోనేలేదు. బావ పక్కనే కూర్చుని, ఆయన చెప్పని సాహసాలు కూడా ఊహించుకుంటూ భోజనం చేశాడు. అంజమ్మ నా పత్రంలో కొసమెరుపును కత్తెరతో కత్తిరించి, మిగిలినదానికే అద్దం బిగించింది.

అప్పుడే మా ముత్తాత సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట ఎవరి సన్మానపత్రంలోనూ సంఘర్షణ పెట్టను. పొరపాటున పెట్టినా, చప్పట్లు పడిన చోట, మాట నోట్లో సగం ఉన్నా సరే, కూర్చుంటాను.